పాత బండి ఇచ్చి క్రొత్త బండి పుచ్చుకొనుట
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదిక మీద ప్రతి ఏడూ పండితులు మాటలాడుతారు. పంచాంగ శ్రవణము కాగానే ఒక గూడ్సు గుమాస్తాను నిలబెట్టుట మన కార్యదర్శిగారి సాహసమే అనుకొంటాను. నేను మెట్రిక్యులేషనుతో చదువు ఆపినవాడను. నాన్నగారు సర్వీసులో ఉండగానే పోవడముతో చిన్న ఉద్యోగములో చేరి, తరువాత శాఖాపరీక్ష వ్రాసి గుమాస్తానైనాను. నాకు తెలిసినవి రెండే: వాగన్ల లెక్క, రసీదుల లెక్క. ఆ రెండవది తెలిసి కూడా ఎట్లా దెబ్బతిన్నానో చెప్పమని కార్యదర్శిగారు కోరారు. ఈ సంవత్సరము పేరు పరాభవ. నా పరాభవము చెప్పుకొనుటకు ఇంతకంటె తగిన ఏడు మరి అరువది సంవత్సరములకు గాని రాదు గనుక ఒప్పుకొన్నాను.

విషయము కారు బేరము.

మా తాతగారు పలాస వైపు నుండి ఈ ఖుర్దారోడ్డుకు గ్యాంగు పనికి వచ్చిన రోజులలో కాలనీలో సైకిలు ఉన్నవాడే గొప్పవాడట. అంబాసిడరుకో ఫియట్టుకో డబ్బు కట్టి సంవత్సరముల తరబడి ఎదురుచూచిన కాలము మన పెద్దలకు జ్ఞాపకమే. అప్పుడు బేరము లేదు, వంతు మాత్రమే ఉండేది. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళము కొన్నవాని చేతికి వచ్చిన తరువాత కూడా కొన్నేండ్లు అదే తీరు. ఇప్పుడు షోరూమువాడే ఫోను చేసి రమ్మంటున్నాడు. కొనేవానికి బలము వచ్చినది. కాని ఆ బలము ఎక్కడ వాడవలెనో మనకు నేర్పినవారు లేరు.

2021 మార్చిలో మా పాత ఆల్టో ఇచ్చి క్రొత్త బండి తీసికొందామని బయలుదేరాము. ఆ ఆల్టో నేను 2015లో సెకండు హ్యాండులో కొన్నది. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు, పిల్లలు ఇద్దరు, అందరము అందులో ఇరుక్కొని కూర్చోలేకపోయాము. భువనేశ్వరములో ఒక షోరూముకు వెళ్ళాము. దాని పేరు చెప్పను, అడుగవద్దు. మేము లోపల తెలుగులో మాటలాడుకొంటుంటే సేల్సు కుర్రవాడు పరుగున వచ్చి, "మీరు మనవాళ్ళేనా అన్నయ్యా?" అన్నాడు. బరంపురము కుర్రవాడు. అంతే, మా పని అయిపోయినది. మా అమ్మకు కుర్చీ వేశాడు, కాఫీ తెప్పించాడు, వాళ్ళ ఊరి సంగతులు, మా ఊరి సంగతులు నడిచినవి. మా ఆవిడ సామాన్యురాలు కాదు. జట్నీ బజారులో చేపలవాణ్ణి "కెతే?" అని అడిగి, అయిదు రూపాయల కొరకు రెండుసార్లు వెనుదిరిగి పోగల మనిషి. ఆమె కూడా ఆ రోజు నోరు మెదపలేదు. తరువాత అడిగితే, "మనవాడి దగ్గర బేరమాడితే ఏమి బాగుంటుందండీ" అన్నది. పరాయి ఊళ్ళో మన మాట వినబడితే మనకు కలిగే సంతోషము మీకందరకూ తెలిసినదే.

తరువాత పాత బండి చూచేవాడు వచ్చాడు. చిన్న యంత్రమును రేకుమీద ఆనించి రంగు మందము కొలిచాడు. ఎడమ తలుపు మళ్ళీ రంగు వేసినదని తేల్చాడు. నిజమే. టైర్ల గాడులలో వ్రేలు పెట్టి చూచాడు. 90,000 అన్నాడు. జట్నీలో మా మెకానికు అంతకు ముందే 1,25,000కు మనిషిని తెస్తానన్నాడు. నా మొగము చూచి మన కుర్రవాడు, "ఉండండి అన్నయ్యా, మేనేజరుగారితో మాటలాడి ఎక్స్ఛేంజి బోనసు 20,000 వేయిస్తాను" అని లోపలకు పోయి, కాసేపటికి నవ్వుతూ వచ్చాడు. 1,10,000 అయినది. మాకు అది గెలుపుగా తోచినది.

ఆ 20,000 షోరూమువాడు పెంచినది కాదు. పాత బండి ఇచ్చినవారికి ఇమ్మని కంపెనీ ఆ నెలకు పెట్టిన పథకము. అది ఎట్లాగూ మాకు రావలసినదే. షోరూమువాడి లెక్కలో నా బండి ధర 90,000 దగ్గరనే నిలిచి ఉన్నది. ఇది నాకు చాలా కాలము తరువాత తెలిసినది.

ఇక వాడు వాడిన మాట ఒక్కటే: "తేడా". మీరు కట్టవలసిన తేడా ఇంత, అంటాడు. క్రొత్త బండి ధర తగ్గించమంటే పాత బండికి ఎక్కువ ఇచ్చామంటాడు. పాత బండికి పెంచమంటే క్రొత్తదానిలో తగ్గించామంటాడు. రెండూ కలిపి ఒక అంకె చూపిస్తాడు. మా షెడ్డులో ఎవడైనా బస్తానూ, దానిని మోసిన హమాలీనీ కలిపి కాటా ఎక్కించి ఇదీ తూకము అంటే నేను ఊరుకొంటానా? అక్కడ ఊరుకొన్నాను.

ఆన్-రోడ్ ధర కాగితములో హ్యాండ్లింగు చార్జీలని 6,000 ఉన్నది. అది ప్రభుత్వమునకు పోయేది కాదు, ఏ చట్టమూ అడిగేది కాదు. అడుగలేదు, కట్టాను. ఇన్సూరెన్సు వాళ్ళ దగ్గరనే తీసికొన్నాను. నేను ఆరేండ్లు ఒక్క క్లెయిము కూడా చేయలేదు. ఆ నో క్లెయిమ్ బోనసు బండిది కాదు, యజమానిది. పాత కంపెనీ నుండి ఉత్తరము తెచ్చుకొంటే క్రొత్త బండికి వస్తుంది. అయిదేండ్లు క్లెయిము లేనివానికి సొంత బండి నష్టపు ప్రీమియములో సగము, అనగా నూటికి 50, తగ్గుతుంది. ఆ సంగతి నాకు తెలియదు, వాడు చెప్పలేదు.

ఇంతవరకు పోయినది డబ్బు. అది చెప్పుకొని నవ్వుకోవచ్చును. అసలు సంగతి తరువాత ఉన్నది.

తాళములు, ఆర్.సి. ఇచ్చేశాను. 29వ ఫారము, 30వ ఫారము మీద సంతకములు పెట్టమన్నాడు. కొనేవాని పేరు లేదు, తేదీ లేదు. పెట్టాను. రసీదు అడుగలేదు. చూడండి, మా షెడ్డులో ఆర్.ఆర్. చేతికి రానిది, డెలివరీ పుస్తకములో సంతకము పడనిది ఒక్క బస్తాను కదలనివ్వను. ఎంతటి వ్యాపారి వచ్చినా అంతే. అట్టి నేను నడిచే బండిని వట్టి చేతులతో ఇచ్చి ఇంటికి వచ్చాను. పైగా క్రొత్త బండికి నిమ్మకాయలు కట్టి, కొబ్బరికాయ కొట్టి ఫొటోలు తీసికొన్నాము.

2023 జూలైలో ఆఫీసు చిరునామాకు నోటీసు వచ్చినది. మోటారు ప్రమాదముల ట్రిబ్యునలు నుండి. 2022 డిసెంబరులో నా ఆల్టో ఒక మోటారు సైకిలును గుద్దినది. నడిపినవాడెవడో నేనెరుగను. బండికి ఇన్సూరెన్సు లేదు. నేను కట్టినది 2021లోనే అయిపోయినది. ఆర్.సి.లో పేరు మాత్రము నాదే. షోరూమువాడు ఒక బ్రోకరుకు ఇచ్చాడు, బ్రోకరు ఇంకొకరికి అమ్మాడు, నా సంతకముల కాగితములు చేతులు మారినవి గాని రవాణా కార్యాలయమునకు పోలేదు.

వకీలుగారి దగ్గరకు పరుగెత్తాను. బండి అమ్మి రెండేండ్లయినది, నాకేమి సంబంధము అన్నాను. ఆయన శాంతముగా చెప్పారు: మోటారు వాహనముల చట్టములో యజమాని అనగా రిజిస్టరులో పేరు ఉన్నవాడే. బండి చేతులు మారినా రిజిస్టరులో పేరు మారకపోతే ఆ పేరుగలవానిదే బాధ్యత అని 2018 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు తీర్పు ఉన్నది. అదే చట్టములో 50వ సెక్షను చూపించారు. అదే రాష్ట్రములో బండి అమ్మినవాడు 14 రోజులలో రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. కొన్నవాని పని వేరు, అమ్మినవాని పని వేరు. కాబట్టి షోరూమువాణ్ణి ఎంత తిట్టుకొన్నా, నా వంతు తప్పు నాదే.

విచారణ రోజున వరండాలో బల్లమీద ఒక మనిషి చేతికర్రతో కూర్చొని ఉన్నాడు. తాపీపనివాడు. కుడికాలు సరిగా మడవలేడు. నన్ను చూచి ఒడియాలో, "బండి మీదేనా బాబూ?" అని అడిగాడు. పేరు మాత్రమే నాది అని చెప్పబోయి ఊరుకొన్నాను. ఆ కాలు ముందర ఆ మాట అనుటకు నాకు నోరు రాలేదు. అంతవరకు నాకు ఉన్న కోపమంతా ఎక్కడికి పోయినదో తెలియదు. అతనికి రావలసిన డబ్బు ఎవరైనా ఇవ్వవలసినదే గదా.

ఇక్కడ ఆ బరంపురము కుర్రవాని సంగతి చెప్పకపోతే అన్యాయము. అతడు అప్పటికే ఆ ఉద్యోగము మానివేశాడు. ఎట్లాగో నంబరు సంపాదించి ఫోను చేస్తే, మరునాడే బస్సెక్కి వచ్చాడు. "మాకు నెలకు ఇన్ని బండ్లు అమ్మమని లెక్క ఉంటుంది అన్నయ్యా, ఆ రోజు మీకు చెప్పవలసినవి కొన్ని చెప్పలేదు" అని తలవంచుకొన్నాడు. అతని ఫోనులో నా పాత బండి లోపలకు తీసికొన్ననాటి కాగితము ఫొటో ఉన్నది, తేదీతో సహా. దానిని పట్టుకొని బ్రోకరును, బ్రోకరును పట్టుకొని అసలు బండి వాడుకొంటున్నవానిని తేగలిగాము. 2024లో లోకఅదాలతులో 1,80,000కు రాజీ అయినది. అందులో 70,000 నేను కట్టాను. మా అమ్మ మోకాలి ఆపరేషనుకు దాచినది అది. ఆపరేషను ఇంకొక ఏడు ఆగినది.

ఇక రెండవసారి సంగతి. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్ల మీద జి.ఎస్.టి. 28 నుండి 18కి తగ్గినది. పెట్రోలు బండి అయితే 1200 సి.సి. లోపల, పొడవు నాలుగు మీటర్ల లోపల ఉండవలెను. మా బావమరిది తన పాత బండి మార్చుతానన్నాడు. ఆ నెలలో షోరూములలో జనము కిక్కిరిసి ఉన్నారు. అట్టి రోజులలో బేరము సాగదని మేము ఆగి నవంబరు చివర వెళ్ళాము. నెలాఖరున వాళ్ళ లెక్క పూర్తి కావలసి ఉంటుంది. ఏడాది చివర అయితే గోడవునులో మిగిలిన బండ్లు కదలవలెను. ఇందులో ఒక మెలిక ఉన్నది. డిసెంబరులో కొన్న బండి జనవరి రాగానే కాగితము మీద ఏడాది పాతదవుతుంది. మూడేండ్లకు మార్చేవానికి అది నష్టము. పదేండ్లు వాడుకొనే మనబోటివారికి ఏమీ కాదు. తయారైన నెల ఏదో మాత్రము అడిగి తీరవలెను.

ఈసారి మా ఆవిడనే ముందు నడిపించాను. పాత బండి ఉన్నదని అసలు చెప్పలేదు. ముందుగా క్రొత్త బండి ఎక్స్-షోరూము ధర, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, సామానులు వేరువేరు వరుసలుగా వ్రాసిమ్మన్నాము. మా బావమరిది ప్రభుత్వోద్యోగి. గుర్తింపు కార్డు చూపి ఉద్యోగుల తగ్గింపు అడిగితే ఇచ్చారు, అడుగకముందు ఎవరూ ఎత్తలేదు. హ్యాండ్లింగు చార్జీల వరుస దగ్గర మా ఆవిడ వ్రేలు పెట్టి, "ఇది ఎవరికి పోతుంది?" అని ఒడియాలో అడిగింది. డిపో ఖర్చు అన్నారు. "అయితే దీనికి వేరే బిల్లు ఇయ్యండి" అన్నది. మేనేజరు ఆ వరుస కొట్టివేశాడు. ఒకసారి లేచి గుమ్మము దాకా వచ్చాము కూడా. చేపల బజారుకూ అద్దాల షోరూముకూ పెద్ద తేడా లేదని నాకు అప్పుడు తెలిసినది.

ధర ఖాయమై, కాగితము మీద సంతకము పడిన తరువాత పాత బండి ఎత్తాము. అప్పటికే బయట రెండు చోట్ల ధర వ్రాయించుకొని జేబులో పెట్టుకొన్నాము. వాళ్ళ ధర బోనసుతో కలిపి బయటి ధర కంటె 8,000 తక్కువ. అయినా వాళ్ళకే ఇచ్చాము. బయటి బ్రోకరు పేరు మార్చే బాధ్యత వ్రాసియ్యనన్నాడు, వీళ్ళు ఇస్తామన్నారు. 8,000 పోతే పోనీ అని నేనే పట్టుబట్టాను. మా బావమరిదికి కొంచెము కష్టమే అయినది.

2023 ఏప్రిల్ 1 నుండి క్రొత్త నియమములు అమలులోనికి వచ్చినవి. పాత బండ్లు కొని అమ్మేవాడు రవాణా శాఖ వద్ద అధికార పత్రము తీసికొనవలెను. అట్టివానికి బండి ఇచ్చినప్పుడు 29సి ఫారము నింపి వాహన్ వెబ్‌సైటులో తెలియజేస్తే, అక్కడ నుండి బాధ్యత ఆ డీలరుది. మేము ఆ పత్రము ఉన్నదో లేదో ముందు అడిగాము. 29సి పూర్తి అయినట్లు కాగితము చేతికి వచ్చిన తరువాతనే తాళము ఇచ్చాము. ఖాళీ ఫారము మీద సంతకము పెట్టలేదు. బండి ఇచ్చిన తేదీ, గంట, కిలోమీటర్ల అంకె వ్రాసిన రసీదు మీద వాళ్ళ ముద్ర వేయించుకొన్నాము. అంతా అయ్యేసరికి రాత్రి ఎనిమిదయినది. కాపలావాడు దీపములు ఆర్పుతానని రెండుసార్లు వచ్చి పోయాడు.

ఆ రసీదు నమూనాను తెలుగులోను, ఒడియాలోను వ్రాసి నలుబది ప్రతులు తీయించి తెచ్చాను. వెనుక బల్ల మీద మన బడి పిల్లల బొమ్మల ప్రక్కన ఉన్నవి. ఈ ఏడు బండి మార్చదలచినవారు తీసికొనండి. ఇదివరకే పాత బండి ఇచ్చి పేరు మారినదో లేదో చూచుకొననివారు నంబరు వ్రాసి నాకు ఇవ్వండి. ఆదివారము సాయంకాలము ఇంటివద్దనే ఉంటాను, ఫోనులో చూచి చెప్పగలను.