ఇంట్లోనే కత్తికి సాన: రాయి కన్నా కోణం ముఖ్యం

పోయిన నెల మా అమ్మ ఉల్లిగడ్డ కోస్తుంటే కత్తి జారి వేలు తెగింది. పదును ఎక్కువై కాదు, లేక! మొద్దు కత్తిని గట్టిగ ఒత్తుతం, అందుకే అది జారుతది.

మన దేవరకొండ దిక్కు సాన పట్టేటాయన ఎప్పుడో ఒకసారి వస్తడు. ఆయన రాకపోతే గచ్చుకే రుద్దుతం. చెయ్యి ఊగితే కోణం మారుతది, అంచు గుండ్రమైతది.

ఇగో, ఈ గైడెడ్ సెట్ చూడండి. కత్తిని క్లాంపుల బిగించిన. రాయికున్న కడ్డీ ఈ రంధ్రంలకెళ్లి పోతది, అందుకే ప్రతిసారి ఒకటే కోణం. కూరగాయల కత్తికి 15 నుంచి 20 డిగ్రీలు. మటన్ కొట్టే కత్తికి 25 పెట్టండి, లేకుంటే బొక్క తగిలి అంచు విరుగుతది.

ముందు అంచుకు మార్కర్ పూయండి. రాయి రెండుసార్లు నడిపి చూడండి. కొస అంచుల ఇంకు మిగిలితే కోణం కొంచెం పెంచండి.

ఇప్పుడు 400 నంబరు రాయి. అవతలి పక్క అంచు పొడవునా సన్నటి గరుకు తగిలేదాక ఈ పక్కనే రుద్దండి. వేలు అంచు వెంట జరపొద్దు, వెన్ను నుంచి బయటికి జరపాలె. చాలామంది గరుకు రాకముందే పక్క మారుస్తరు, అందుకే పదును రాదు. తర్వాత రెండో పక్క. ఆఖరికి 1000 నంబరుతోని మెల్లగ, పక్కలు మార్చుకుంట.

సెట్ లేదా? 4 సెంటీమీటర్ల వెడల్పు కత్తికి వెన్ను రాయి మీదికెళ్లి 1 సెంటీమీటరు లేపితే దాదాపు 15 డిగ్రీలు.

కత్తి కడిగి టమాట మీద పెట్టండి. ఒత్తకుండనే దిగితే పని అయినట్టే. ఉంటా మరి!