నడుస్తూ నడుస్తూ ఆగిపోయే కంప్యూటరు
(సభ్య సంఘాల ప్రతినిధుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



గేదెల గురించి, దాణా గురించి మాట్లాడవలసిన చోట ఈ కంప్యూటరు గొడవ ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. కాని ఈ మధ్య మేము ఏ ఊరు వెళ్లినా ఈ ప్రశ్న వినబడుతోంది: "కంప్యూటరు నడుస్తూ నడుస్తూ టక్కున ఆగిపోతోందండీ, ఏం చేయమంటారు?" కొన్ని గ్రామాల్లో సంఘం లెక్కలు కార్యదర్శిగారి ఇంట్లో ఉన్న కంప్యూటరులోనే ఉంటాయి. పూటపూటా పాల లెక్క, మిగతా వేళల్లో పిల్లల చదువు. పిల్లవాడి పాఠం మధ్యలో ఆగితే మళ్లీ చదువుకుంటాడు. పాలు పోసిన మనిషి ఎదుట నిలబడి ఉండగా, వెన్న శాతం నమోదు కాకముందే తెర నల్లబడితే ఆ అంకె ఎవరు చెప్పాలి? జ్ఞాపకం మీద వేసిన అంకె సరైనదే అయినా నమ్మేవారుండరు. పది రూపాయల తేడా కంటె ఆ అనుమానమే సంఘాన్ని ఎక్కువ దెబ్బ తీస్తుంది.

అందుచేత మా మొదటి మనవి కంప్యూటరు గురించి కాదు. దాని రోగం కుదిరేవరకు లీటర్లు, వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. ప్రతి పూటా పుస్తకంలో చేత్తో రాయండి. సభ్యుని కళ్లెదుటే రాయండి. పూట ముగియగానే కంప్యూటరులోని లెక్కను పెన్‌డ్రైవులోకి ఎక్కించి, దాన్ని తీసి విడిగా దాచండి. ఇక వైద్యం సంగతి.

పెట్టె ఆగిపోగానే దానిని బస్సులోనో ఆటోలోనో ఏలూరు మోసుకుపోవడం పరిపాటి అయింది. దుకాణంలో పెడితే అది లక్షణంగా నడుస్తుంది. "దీనికేమీ లేదండీ" అని తిప్పి పంపుతారు. ఇంటికి తెచ్చి పెడితే మళ్లీ అదే వరస. ఇందులో దుకాణంవారి తప్పేమీ లేదు. అక్కడ కరెంటు నిలకడగా ఉండవచ్చు, గది చల్లగా ఉండవచ్చు. అక్కడ ఆగకుండా ఇక్కడే ఆగుతోందంటే, జబ్బు పెట్టెలో కంటె మన ఇంటి కరెంటులోనో, గాలిలోనో ఉన్నదేమో ముందు చూడాలి. గేదె తన్నితే గేదెను అమ్ముకోము గదా. పొదుగు పుండయిందేమో చూస్తాము.

చూడడమంటే రాసుకోవడమే. ఒక కాగితం అక్కడే పెట్టుకుని, ఆగినప్పుడల్లా నాలుగు సంగతులు రాయండి. ఏ వేళకు ఆగింది? వేసిన ఎంతసేపటికి ఆగింది? ఆ క్షణంలో ఇంట్లో దీపం మసకబారిందా? తెర ఒక్కసారిగా నల్లబడిందా, లేక నీలం తెర మీద ఏవో అక్షరాలు వచ్చాయా? వారం రోజులు రాస్తే రోగం చాలావరకు తనంతట తానే బయటపడుతుంది.

వేసిన అరగంటకో గంటకో ఆగి, వెంటనే వేస్తే ఇంకా త్వరగా ఆగి, చల్లారిన తరువాత మళ్లీ బాగా నడుస్తున్నదా? అయితే అది వేడి. లోపలి ప్రాసెసరు వేడి సుమారు 100 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరేసరికి, కాలిపోకుండా యంత్రం తనను తానే ఆర్పుకుంటుంది. అది చెడిపోవడం కాదు, ప్రాణం కాపాడుకోవడం. తాడేపల్లిగూడెం వైపు రైసుమిల్లుల దగ్గరి ఇళ్లలో ఊకదుమ్ము ఫ్యాను రెక్కలకు, దాని కింది అల్యూమినియం పలకల మధ్య దట్టంగా పేరుకుంటుంది. తవుడు, చిట్టు బస్తాల పక్కన పెట్టె పెట్టినా అంతే. ప్లగ్గు పూర్తిగా తీసివేసి, పక్క మూత విప్పి, మెత్తని కుంచెతోనో బ్లోయరుతోనో దుమ్ము తీయండి. ఊదేటప్పుడు ఫ్యాను తిరగకుండా వేలితో ఆపి పట్టుకోవాలి. తడిగుడ్డ వద్దు. దుమ్ము తీసినా వేడి తగ్గకపోతే ప్రాసెసరు మీది థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటుంది. అది మెకానిక్ పని, పెద్ద ఖర్చు కాదు. ల్యాప్‌టాప్ అయితే పరుపు మీద పెట్టకండి, గాలి రంధ్రాలు కింది వైపునే ఉంటాయి.

కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ల సంగతి వేరు. అక్కడ మేము ముందుగా అడిగేది: "ఉదయం పూటే ఆగుతోందా?" అని. చేపల చెరువుల్లో, రొయ్యల చెరువుల్లో నీటిలోని ప్రాణవాయువు తెల్లవారుజామున బాగా తగ్గుతుంది. అందుకని ఏరేటర్లు ఆ వేళ ఎక్కువగా తిరుగుతాయి. మన పాలపూటా అదే వేళ. చెరువులకూ ఊరికీ ఒకే ట్రాన్స్‌ఫార్మరు ఉన్నచోట మోటార్లు అందుకోగానే వోల్టేజి జారిపోతుంది. మనకు రావలసింది 230 వోల్టులు. కంప్యూటరు పవర్ సప్లైల మీద చాలావాటికి 200 నుంచి 240 అని రాసి ఉంటుంది. అంతకంటె బాగా దిగితే అది ఊరుకుంటుంది. ఎలక్ట్రీషియన్ చేత తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలిపించండి. మధ్యాహ్నం ఒక్కసారే కొలిచి అంతా బాగుందనుకుంటే ప్రయోజనం లేదు. తేడా తేలితే ఆ అంకెలతో విద్యుత్తువారికి అర్జీ పెట్టండి, ఈలోగా స్టెబిలైజరు వాడండి.

యూపీఎస్ ఉన్నది గదా అంటారు. అందులోని బ్యాటరీ సాధారణంగా రెండు మూడేళ్లకు మించి గట్టిగా ఉండదు. వేడి గదిలో ఇంకా ముందే పోతుంది. లెక్కలేవీ తెరిచి లేనప్పుడు గోడ దగ్గర స్విచ్ ఆపి చూడండి. వెంటనే కంప్యూటరు కూడా ఆరిపోతే ఆ యూపీఎస్ పేరుకే ఉన్నట్లు. బ్యాటరీ ఒక్కటే మార్చుకోవచ్చు, మొత్తం కొననక్కరలేదు. అలాగే ప్లగ్గు వదులుగా ఉన్నదేమో, పవర్ తీగ పెట్టె వెనుక గట్టిగా కూర్చున్నదేమో చూడండి. ఇంత చిన్న దానికి ఏలూరు దాకా పోయి వచ్చినవారు లేకపోలేదు. పెట్టెను ముట్టుకుంటే చేతికి జిల్లుమంటే ఎర్త్ సరిగా లేదన్నమాట. ఇది కంప్యూటరు కంటె మనిషికి ముప్పు, ఆ రోజే బాగు చేయించండి.

నీలం తెర వచ్చి దానంతట అదే మళ్లీ మొదలవుతుంటే దారి వేరు. ర్యామ్ బిళ్ల, హార్డు డిస్కు, కొత్తగా ఎక్కించిన ప్రోగ్రాము, వీటిలో ఏదో ఒకటి కావచ్చు. తెర మీది అక్షరాలను సెల్‌ఫోనుతో ఫొటో తీయండి. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అని ఒకటి ఉంటుంది. అందులో కెర్నల్-పవర్ 41 అని కనబడితే కంగారు పడవద్దు. యంత్రం సవ్యంగా మూతపడలేదని మాత్రమే దాని అర్థం, కారణం చెప్పదు. అది చూపించి మదర్‌బోర్డు పోయిందనేవారి మాట వెంటనే నమ్మవద్దు. ఇక చీటీల మీద తేదీ ఏళ్ల వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది నాణెం వంటి చిన్న బ్యాటరీ అయిపోయి ఉంటుంది. ఆగిపోవడానికి సాధారణంగా అది కారణం కాదు గాని, పాల చీటీకి తేదీయే ప్రాణం గనుక మార్పించండి.

పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎవరూ విప్పవద్దు. ప్లగ్గు తీసినా కొంతసేపు అందులో కరెంటు నిలిచి ఉంటుంది. అనుమానం ఉంటే మెకానిక్ చేత మంచిదొకటి తాత్కాలికంగా పెట్టించి రెండు పూటలు నడిపి చూడండి. ఒకసారి ఒక్కటే మార్చండి. నాలుగూ కలిపి మారిస్తే ఏది తప్పో తెలియదు, బిల్లు మాత్రం తెలుస్తుంది.

అప్పటికీ కుదరకపోతే ఏలూరు తీసుకువెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ వారం రోజుల కాగితం, తీసిన ఫొటోలు, కొలిపించిన వోల్టేజి అంకెలు చేతిలో ఉంచుకోండి. మెకానిక్ మొదట అడిగేవి అవే.