బుచ్చమ్మ పెట్టె



అండమాన్‌లోని ఈ మిన్నీ బేలో తెలుగు మాట చెవిన పడితే చాలు, ఆ యాస నన్ను ఉత్తరాంధ్రకు లాక్కుపోతుంది. ఇవాళ పట్టాలందుకున్న మీలో చాలామంది తాతలు శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లే. ఆ గడ్డ మీదే, విజయనగరంలో, 1892లో గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' తొలిసారి రంగమెక్కింది.

ఆ రోజుల్లో విజయనగరం మహారాజా ఆనంద గజపతి విశాఖ జిల్లాలో మూడేళ్లపాటు జరిగిన శుల్కం పెళ్లిళ్ల, అంటే పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకునే పెళ్లిళ్ల, జాబితా రాయించారు. 1,034 తేలాయి. ఐదేళ్ల పిల్లలు 99 మంది. ఏడాది పసికందులు ముగ్గురు, ఒక్కొక్కరి వెల 350 నుంచి 400 రూపాయలు. 1897లో అచ్చయిన నాటకానికి ముందుమాటలో గురజాడ ఈ లెక్కలు పెట్టారు. అవి చదివి నాటకంలోకి వెళ్తే, నవ్వొచ్చే చోట కూడా నాకు గొంతు పట్టేస్తుంది.

కొన్నేళ్ల కిందట ఆ నాటకాన్ని గంటన్నరకు కుదించి, నేటి బట్టల్లో విద్యార్థులతో ఆడించాను. శుల్కం స్థానంలో కట్నం పెట్టాం. కుర్రాడి చదువు పెరిగేకొద్దీ రేటు పెరిగే బేరం. 1961లోనే చట్టం కట్నాన్ని నిషేధించింది. అయినా హాల్లో ఎవరికీ ఆ సన్నివేశం విడమరచి చెప్పాల్సిన పని పడలేదు. అబ్బాయిలూ, ఇవాళ మీ చేతికొచ్చిన పట్టాకు ఎవరినీ వెల కట్టనివ్వకండి. మీ ఇంట్లోవాళ్లనైనా సరే.

కన్యాశుల్కంలో గిరీశం అందరికీ గుర్తే, మధురవాణీ గుర్తే. బుచ్చమ్మ చివరికేమైందంటే తడుముకుంటారు. చిన్నతనంలోనే వితంతువైన ఆ పిల్లను గిరీశం లేవదీసుకుపోతాడు. కథ మాత్రం వాళ్ల పెళ్లితో ముగియదు. వకీలు సౌజన్యారావు పంతులు ఆమెను పూనా వితంతు శరణాలయానికి పంపి చదివించే ఏర్పాటు చేస్తాడు. 1879లో ఇబ్సెన్ రాసిన నాటకంలో నోరా భర్త ఇంటి తలుపు మూసి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె ఏమైందో ఆయన చెప్పలేదు. బుచ్చమ్మ ఎందుకు వెళ్లిందో గురజాడ చెప్పారు. చదువుకోడానికి.

మా ప్రదర్శనలో బుచ్చమ్మ ట్రంకుపెట్టెతో ప్రేక్షకుల మధ్య నుంచి నడిచి వెళ్లాలి. రిహార్సల్లో ఖాళీ పెట్టె ఊపుకుంటూ పోతోంది ఆ వేషం వేసిన అమ్మాయి. "ఇందులో ఏం పెట్టుకుని వెళ్తావమ్మా?" అని అడిగాను. మర్నాడు తన ఇంటర్ పుస్తకాలన్నీ తెచ్చి నింపింది. ప్రదర్శన రోజు సగం దూరం వెళ్లి ఆగింది. పెట్టెను రెండో చేతికి మార్చుకుని మళ్లీ నడిచింది. అది నేను నేర్పింది కాదు.