పాత పికప్‌కి డీజిల్ ఇంజన్

సూరత్ మగ్గాల మీద బతికే మన తెలుగువాళ్లకు పల్సానా కూడలి తెలిసిందే. 48, 53 జాతీయ రహదారులు అక్కడే కలుస్తాయి. అలాంటి దారిలో పాత పెట్రోలు విల్లీస్ పికప్‌ని మళ్లీ నడపాలంటే, మహీంద్రా జీపుల్లో వాడిన పూజో డీజిల్ ఇంజన్‌ని గేర్‌బాక్సుతో సహా ఎక్కించడం మంచి ఆలోచనే.

డీజిల్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లో నొక్కుకుపోయిన గాలి వేడికే ఇంధనం మండుతుంది. ఆ ఒత్తిడికి ఆగాలి కాబట్టి ఇంజన్ బరువెక్కువ. ముందు కమాన్ కట్టలు కుంగితే పట్టీ వేయించాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు సరిచేసి, బ్యాలెన్స్ తప్పకుండా చూపించండి. లేకపోతే వేగంలో బండంతా అదురుతుంది. ఇంజెక్టర్ల నుంచి మిగిలిన డీజిల్ ట్యాంకుకి తిరిగి వెళ్లే పైపు కూడా వేయాలి.

ఇంజన్ దించకముందే, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్టీవో అనుమతి తీసుకోండి.