మాట్లాడే ఫోను, ఆడని రెప్ప

 

నాకు కళ్లు కనపడవు. మీరు పలక మీద అక్షరాలు దిద్దారు. నేను చుక్కలు తడిమి చదువుకున్నాను. దాన్ని బ్రెయిలీ లిపి అంటారు. 1824లో ఫ్రాన్సు దేశంలో లూయీ బ్రెయిల్ అనే చూపులేని కుర్రాడు తయారుచేశాడు. అప్పటికి అతనికి 15 ఏళ్లు.

మీరు చదువు ఎందుకు నేర్చుకున్నారు? వేలిముద్ర వేసే బాధ పోవాలని. సంతకం పెట్టిన రోజు ఎంత సంతోషపడ్డారు! ఇప్పుడేమో మళ్లీ వేలు పెట్టమంటున్నారు. కాగితం మీద కాదు, మిషను మీద. కూలిపనితో గీతలు అరిగిన వేలిని ఒక్కోసారి మిషను పట్టదు. మీకూ తెలిసిందే కదా! మరి కుష్టు వ్యాధితో వేళ్లే పోయినవాళ్ల సంగతేమిటి?

నా ఫోను మాట్లాడుతుంది. ఇందులో టాక్‌బ్యాక్ అని ఒకటి ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి ఉంటుంది. వేరే డబ్బు కట్టక్కర్లేదు. సెట్టింగ్స్‌లో 'యాక్సెసిబిలిటీ' అనే చోట ఉంటుంది. వేలు ఆనిస్తే అక్కడ ఏముందో చదివి చెబుతుంది. టకటకా రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. తెలుగు కూడా చదువుతుంది. పలుకు కాస్త వింతగా ఉంటుంది లెండి, అలవాటవుతుంది.

అయితే కొన్ని యాప్‌లలో బటన్ల మీద బొమ్మలే ఉంటాయి. తయారుచేసినవాళ్లు వాటికి పేర్లు పెట్టరు. ఫోను "బటన్" అని ఊరుకుంటుంది. ఏ బటన్? డబ్బు పంపేదా, ఆపేదా? ఒకసారి గతిలేక పక్కింటి అబ్బాయి చేత డబ్బు పంపించాను. నా పిన్ నంబరు వాడికి చెప్పాల్సి వచ్చింది. వాడు మంచివాడే. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2023లో ఇంకోటి జరిగింది. యాసిడ్ దాడిలో ముఖం, కళ్లు దెబ్బతిన్న ఒక మహిళ ఖాతా తెరవటానికి బ్యాంకుకు వెళ్లింది. కెమెరా ముందు రెప్ప కొట్టమన్నారు. బతికి ఉన్న మనిషే అని రుజువు కావాలట! ఎదురుగా నిలబడి మాట్లాడుతోంది కదా! ఆమె రెప్ప ఆడదు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లింది. చూపులేని ఒక లాయరు కూడా ఇలాంటి కేసే వేశాడు. 2025 ఏప్రిల్ 30న తీర్పు వచ్చింది. డిజిటల్ సేవలు అందటం జీవించే హక్కులో భాగమేనని కోర్టు చెప్పింది. రెప్ప కొట్టటమే కాక వేరే పద్ధతులూ ఉండాలంది. కాగితాల పద్ధతి కూడా కొనసాగాలంది.

తీర్పు వచ్చింది సరే, బ్యాంకులో మనమూ అడగాలి. మీ వీధిలో చూపులేనివాళ్లుంటే వాళ్ల ఫోనులో ఆ 'యాక్సెసిబిలిటీ' అనే మాట వెతికి చూపించండి. మీకు చదవటం వచ్చు కదా. పిన్ మాత్రం అడగకండి.

ఇదుగో నా ఫోను. ఒక్కొక్కరూ పట్టుకోండి. కళ్లు మూసుకుని వేలు ఆనించండి. ఏమంటుందో వినండి.