జరిమానా బాకీకి లైసెన్సు తాకట్టా?

(మోమిన్‌పేటలో వాహనచోదకుల సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



వికారాబాదునుండి సదాశివపేటకు పోవు బాటలో నున్న యీ మోమిన్‌పేటలో నేడు కూడిన మీలో ఆటో నడుపువారు కలరు, తాండూరు బండలను లారీలమీద దూరప్రదేశములకు చేర్చువారు కలరు, కందులను ప్రత్తిని అంగడికి తోలువారు కలరు. రైతునకు నాగలి యెట్టిదో మీకు స్టీరింగు చక్ర మట్టిది. కాబట్టి చలానాల సొమ్ము చెల్లింపనివానికి లైసెన్సు పునరుద్ధరింపరాదను వాదము మీ అన్నముకుండకు సంబంధించిన వాదము. దానిని ఆవేశముతో గాక వివేకముతో విచారింపవలెను.

ఈ వాదము గాలిమాట కాదు. 2025లో కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ ప్రకటించిన ముసాయిదా నియమములలో, చలానాను 45 దినములలో చెల్లింపక, ఆక్షేపింపక యుండిన వారి లైసెన్సు, రిజిస్ట్రేషను దరఖాస్తులను బాకీ తీరువరకు నిలిపివేయవలెనని ప్రతిపాదింపబడినది.

ముందుగా ఎదిరిపక్షమువారి న్యాయమును ఒప్పుకొందము. 2025 నవంబరు 3న తాండూరునుండి హైదరాబాదునకు పోవుచున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల సమీపమున కంకరలారీ ఢీకొనగా 19 మంది ప్రాణములు గోల్పోయిరి. ఆ దుఃఖము మన జిల్లాదే. బాటమీద క్రమశిక్షణ వలదని పలుకుటకు మన కెవ్వరికిని నోరు రాదు. 1930లో ఉప్పు శాసనమును ధిక్కరించిన సత్యాగ్రహులు బహిరంగముగా ధిక్కరించి, విధించిన శిక్షను తలవంచి స్వీకరించిరి. నంబరు పలకకు మట్టి పూసికొని కెమెరా కంటబడక పారిపోవుట ఆ వీరత్వమునకు సాటి రాదు.

అయిన నొక్క ప్రశ్న. లైసెన్సు అనగా నేమి? ఈతడు వాహనమును క్షేమముగా నడుపగలడని ప్రభుత్వ మిచ్చు యోగ్యతాపత్రము. జరిమానా అనగా నేమి? చేసిన తప్పునకు చెల్లింపవలసిన సొమ్ము. మొదటిది సామర్థ్యమునకు సంబంధించినది, రెండవది సంచికి సంబంధించినది. ప్రమాదకరముగా నడుపువాని లైసెన్సును తీసివేయుటకు, కొంతకాలము నిలుపుటకు 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 19, 21 సెక్షన్లు అధికార మిచ్చుచునే యున్నవి. ఆ యధికారమును వాడవలసినచోట వాడక, బాకీ వసూలునకు లైసెన్సును తాకట్టుగా పట్టుకొనుట ఏ న్యాయము?

దీని ఫలిత మాలోచింపుడు. ధనికు డొకడు పది పర్యాయములు మితిమీరిన వేగముతో పోయి, పదింటికిని జరిమానా చెల్లించి, నిశ్చింతగా లైసెన్సు పొందును. పేద ఆటోవాడు ఎవరికిని హాని చేయకయే, నిలుపరానిచోట బండి నిలిపిన చలానాలు చెల్లింపలేక లైసెన్సు గోల్పోవును. మొదటివాడు బాటమీద నుండును, రెండవవాడు ఇంట కూర్చుండును. దీనివలన బాటకు కలిగిన రక్షణ యేమి?

మరియొక చిక్కు కలదు. కెమెరా పట్టునది బండి నంబరును గాని నడుపువాని మొగమును గాదు. చలానా యజమాని పేర పుట్టును. లైసెన్సు చోదకునిది. లారీ యొకనిది, నడుపుచేయి మరియొకనిది యైనప్పుడు ఎవని తప్పునకు ఎవని దరఖాస్తు నిలిచిపోవునో చెప్పలేము. ఆనాడు నడిపినవా డెవడో తెలుపవలసిన బాధ్యతను 133వ సెక్షను యజమానిమీద నుంచినది. ఆ విచారణ జరుగకుండ ఎవని లైసెన్సును నిలిపినను అది అన్యాయమే.

లైసెన్సు లేనంతమాత్రమున ఆకలి యాగదు. వాణిజ్య వాహనపు లైసెన్సు అయిదేండ్లకు పునరుద్ధరింపవలసినది. గడువు దాటి యొక యేడు గడచినచో మరల పరీక్షకు నిలువవలెను. ఈలోగా పిల్లల కూటికై అతడు లైసెన్సు లేకయే బండి తోలును. అట్లు తోలుటకు కేంద్రచట్టములోని జరిమానా 2019 సవరణతో 500 రూపాయలనుండి 5,000కు పెరిగినది. పాత బాకీ తీర్పలేనివాని నెత్తిన క్రొత్త బాకీ పడును. ప్రమాదమే జరిగినచో, 2004లో స్వరణ్‌సింగు కేసున సుప్రీంకోర్టు చెప్పిన న్యాయముచొప్పున, బీమా కంపెనీ బాధితులకు పరిహార మిచ్చి, యజమాని దోషము రుజువైనచో ఆ మొత్తమును అతనినుండి రాబట్టుకొనవచ్చును. వందల రూపాయల చలానా తుదకు ఇల్లు వాకిలి హరించు ఋణమై కూర్చుండును.

మన తెలుగువారు వేలకొలది నివసించుచున్న అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ఈ పద్ధతి చిరకాలముగా నున్నది. అచ్చట నగరములు, కౌంటీలు రాష్ట్ర ప్రజారక్షణశాఖతో ఒడంబడిక చేసికొని, కోర్టు జరిమానా చెల్లింపనివారి లైసెన్సు పునరుద్ధరణను ఆపించుచు వచ్చినవి. ఆ రాష్ట్రముననే హ్యూస్టను నగరపు పేద యొకడు 425 డాలర్ల వాహన జరిమానాలు కట్టలేక, దినమునకు 5 డాలర్ల లెక్కన 85 దినములు నిర్బంధములో నుండవలెనను ఆజ్ఞకు లోనయ్యెను. ధనికునకు జరిమానాయు పేదకు చెరయు విధించుట సమానన్యాయము కాదని 1971లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. కాలిఫోర్నియా 2017లోను, వర్జీనియా 2020లోను, చెల్లింపని జరిమానాలకై లైసెన్సును నిలుపు పద్ధతిని విడిచిపెట్టినవి. మన మా పాఠమును పరుల నష్టమునుండియే నేర్చుకొనవచ్చును.

అట్లని ఇచ్చట నడచిన రాయితీల పద్ధతియు మెచ్చదగినది కాదు. తెలంగాణలో 2022 మార్చిలో ద్విచక్రవాహనముల చలానాలలో నాలుగవవంతు చెల్లించిన చాలుననిరి. 2023 డిసెంబరు 26 మొదలు నూటికి 80 వంతులు తగ్గించిరి. గడువులోపల పూర్తిసొమ్ము కట్టినవాడు వెఱ్ఱివాడయ్యెను, కట్టక కూర్చున్నవాడు తెలివైనవాడయ్యెను. ఉగ్రదండమువలన ప్రజలు బెదరుదురనియు, మృదుదండమువలన రాజు చులకనయగుననియు, తగిన దండమే గౌరవింపబడుననియు కౌటిల్యుని అభిప్రాయము. ఒకనాడు రాయితీ, మరునాడు జీవనోపాధి హరణము! తగిన దండ మెక్కడ?

కావున మన కోర్కె లివి. ప్రాణహానికి దారితీయు నేరములకు, సొమ్ము కట్టినను కట్టకున్నను, విచారించి లైసెన్సును నిలుపవలెను. జరిమానా బాకీ విషయమున, కట్టగలిగియు కట్టనివా డెవడో, కట్టలేనివా డెవడో మున్ముందు తేల్చవలెను. కట్టగలవానినుండి చట్టప్రకారము వసూలు చేయుడు, అతనికై మేము వాదింపము. కట్టలేనివానికి వాయిదా లియ్యుడు. కోర్టు విధించిన జరిమానాను వాయిదాలలో స్వీకరించుటకు నేరవిచారణ శాసనములో అవకాశము పూర్వమునుండి యున్నదే. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత సమాజసేవను ఒక శిక్షగా గుర్తించినది. దానిని ఇట్టి పేదలకును వర్తింపజేసి, బడులయెదుట పిల్లలను బాట దాటించు పని యేల ఒప్పగింపరాదు? ఫిన్లాండులో 1921నుండియే జరిమానాను సంపాదననుబట్టి లెక్కించుచున్నారు. అది మన శాసనకర్తలు ఆలోచింపదగినది. తుదకు, నోటీసు ఎప్పుడో మార్చిన ఫోను నంబరుకు గాక, తెలుగులోను ఉర్దూలోను ఇంటికి చేరవలెను.

సోదరులారా! హక్కు నడుగువానికి కర్తవ్యము నెరవేర్చిన చేయి యుండవలెను. శిరస్త్రాణము ధరింపుడు. మద్యము ముట్టి చక్రము పట్టకుడు. చలానా న్యాయమైనచో గడువులో కట్టుడు, అన్యాయమైనచో గడువులోనే ఆక్షేపింపుడు. రాజీకి తగినది లోక్ అదాలతులో తీర్చుకొనుడు. మౌనముగా పేరబెట్టిన బాకీ మన వాదమునే బలహీనపరచును.

ప్రభుత్వమువారితో మన మనవి యొక్కటియే. అయోగ్యుని చేతినుండి చక్రమును లాగుకొనుడు, మేము మీ పక్షమున నిలుతుము. కాని పేదయైన యోగ్యుని, అతడు పేద యగుటచేతనే, అయోగ్యునిగా ముద్రవేయకుడు. స్వతంత్రదేశమున యోగ్యతాపత్రమునకు ధర రూపాయలలో నుండరాదు.