రాత్రి పది గంటల ఆకలి

షుగరు జబ్బు గురించి మాట్లాడమని గ్రంథాలయం వాళ్ళు పిలిచారు. నేను అంతకన్నా ముందు జరిగే సంగతి చెప్తాను. రాత్రి భోజనాలై, గిన్నెలు సర్దేశాక పిల్లల ఫీజులు, అమ్మ మందులు, బ్యాంకు వాయిదా అన్నీ ఒక్కసారే గుర్తొస్తాయి. అప్పుడు చెయ్యి తనంతట తనే జంతికల డబ్బా మీదికి పోతుంది. ఆ సంగతి. మన దేశంలో పది కోట్ల మందికి పైగా షుగరు ఉందనీ, మరో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారనీ 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే లెక్కగట్టింది. ఆ అంచున ఉన్నవాళ్ళ కోసమే ఈ సాయంత్రం మాట్లాడుతున్నాను.

నలభై దాటి నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఈ మాట నేరం ఒప్పుకున్నట్టు చెప్తారు. ఆడవాళ్ళయితే గొంతు బాగా తగ్గించి, "నోరు కట్టుకోలేకపోతున్నానండీ డాక్టరుగారూ" అంటారు. నేను ముందు అడిగేది, "మధ్యాహ్నం ఏం తిన్నారమ్మా?" అని. "టైమెక్కడిదండీ, రెండు ముద్దలు పెరుగన్నం." పొద్దున? "పిల్లలు వదిలేసిన ఇడ్లీ ఒకటి, టీ." పగలంతా ఒంటికి బాకీ పడితే రాత్రికి అది వడ్డీతో సహా వసూలు చేసుకుంటుంది. ఇందులో మనిషి బలహీనత ఏముంది?

1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆర్నెల్ల పాటు తిండి దాదాపు సగానికి తగ్గించి చూశాడు. వాళ్ళకి రోజంతా తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవాళ్ళు. ఆంక్షలు ఎత్తేశాక కొందరికి ఎంత తిన్నా తనివి తీరలేదు. ఆ కుర్రాళ్ళు ఎవరో తెలుసా? మనిషిని చంపడం తప్పని నమ్మి, రెండో ప్రపంచయుద్ధంలో తుపాకీ పట్టబోమని నిలబడ్డవాళ్ళు. అంత గట్టి మనసున్నవాళ్ళకే ఆ గతి పడితే, "రేపటి నుంచి రాత్రి భోజనం బంద్" అని శపథం చేసే మనం ఎన్నాళ్ళు నిలబడతాం? అందుకే కడుపు మాడ్చుకోమని నేనెవరికీ చెప్పను.

ఇక దిగులు సంగతి. హఠాత్తుగా భయం వేస్తే ఆకలి చచ్చిపోతుంది, మీకందరికీ తెలిసిందే. రోజుల తరబడి నలిగే బెంగ అలా కాదు. మూత్రపిండాల మీద టోపీలా ఉండే చిన్న గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును విడుదల చేస్తూ ఉంటాయి. అది ఆకలిని పెంచుతుంది, అందులోనూ తీపి మీదికి, నూనెలో వేగినవాటి మీదికి మనసు లాగుతుంది. పేరుకునే కొవ్వు కూడా ఎక్కువగా పొట్ట చుట్టూ చేరుతుంది. మనవాళ్ళకి నడుము చుట్టుకొలత మగవాళ్ళలో 90, ఆడవాళ్ళలో 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

"వయసు మీద పడిందండీ, ఇక ఒళ్ళు తగ్గదు" అంటారు. ఆరు వేల మందికి పైగా మనుషుల మీద జరిపి 2021లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది వేరు. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, ఇరవై నుంచి అరవై ఏళ్ళ దాకా శరీరం ఖర్చుపెట్టే శక్తి దాదాపు ఒకేలా ఉంటుంది. మారేవి మన నడక, కండ, నిద్ర. ముట్లు ఆగే వయసులో ఆడవాళ్ళకి ఒంట్లో ఆవిర్లు, నిద్రాభంగం, పొట్ట దగ్గర కొవ్వు చేరడం నిజంగానే ఉంటాయి. వాటిని బద్ధకం అనకండి. ఇక నిద్ర సంగతి. షికాగోలో 12 మంది యువకులని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే, ఆకలి పుట్టించే హార్మోను 28 శాతం పెరిగింది, చాలనిపించే హార్మోను 18 శాతం తగ్గింది. పన్నెండు దాకా ఫోను చూసేవాళ్ళు ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి.

మరేం చెయ్యాలి? నా అనుభవంలో రాత్రి పది గంటల ఆకలికి మందు సాయంత్రం అయిదింటికి ఉంది. ఆఫీసు నుంచో, పొలం నుంచో వచ్చేసరికి గుప్పెడు ఉడికించిన శనగలో, అలసందల గుగ్గిళ్ళో తాలింపు వేసి సిద్ధంగా ఉంచుకోండి. పొద్దున పెసరట్టో గుడ్డో పడితే ఇంకా మేలు. టీలో పంచదార లెక్కేయండి. రెండేసి చెంచాలతో నాలుగు కప్పులంటే ముప్ఫై గ్రాములు దాటుతుంది. రోజుకి పాతిక లోపుంటే మంచిదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

అయినా రాత్రి చెయ్యి డబ్బా మీదికి పోయిందనుకోండి. ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇప్పుడు పప్పన్నం పెడితే తింటానా? తింటాననిపిస్తే అది ఆకలే, కూర్చుని కొంచెం తినండి. వద్దు, జంతికలే కావాలనిపిస్తే లోపల ఇంకేదో కెలుకుతోంది. పావుగంట వీధిలో నడవండి. భోజనం తర్వాత నడిస్తే రక్తంలో చక్కెర కూడా తగ్గుతుంది. ఆ కెలికేదాన్ని ఇంట్లోవాళ్ళకి చెప్పుకోండి. అప్పటికీ తినాలనిపిస్తే నాలుగు జంతికలు పళ్ళెంలో వేసుకుని, డబ్బా మూతపెట్టి, టీవీ కట్టేసి తినండి. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు.

ఒక హెచ్చరిక. షుగరు మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్ళకి రాత్రి చెమటలు, వణుకుతో ఆకలేస్తే చక్కెర పడిపోయి ఉండొచ్చు. అప్పుడు ఈ ప్రశ్నలేమీ వద్దు, వెంటనే పంచదార తీసుకుని, తర్వాత డాక్టరుకి చెప్పండి. కడుపు నొప్పెట్టేదాకా దాచుకుని తినడం, తిన్నది కక్కేయడం అలవాటైతే అది చికిత్స కావలసిన జబ్బు. 14416కి ఫోను చెయ్యండి, టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణివాళ్ళు ఏ వేళైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

మగవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మనవి. నలుగురిలో భార్య లావు గురించి మాట్లాడకండి. మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోను చేసి, తిన్నావా అని అడగండి. బయట మా సిస్టరు టేపు పట్టుకుని కూర్చున్నారు. నలభై దాటిన ప్రతి ఒక్కరూ నడుము కొలిపించుకుని, షుగరు, బీపీ చూపించుకున్నాకే ఇంటికి వెళ్ళండి.